మూడు మైళ్ల నీళ్లు, రెండు పెళ్లిళ్లు

తోమాస్ ఓ క్రిహన్ పెళ్లి 1878 ఫిబ్రవరిలో జరిగింది. పెగ్ సేయర్స్ పెళ్లి 1892 ఫిబ్రవరిలో. రెండూ ఐర్లండ్ పడమటి కొసన, కెర్రీ కౌంటీలోని బాలీఫెరిటర్ అనే ఊళ్లోనే. పెళ్లయ్యాక రెండు జంటలూ డన్‌క్విన్ రేవుకు వచ్చి, తారు పూసిన గుడ్డ పడవలెక్కి, మూడు మైళ్ల జలసంధి దాటి గ్రేట్ బ్లాస్కెట్ దీవి చేరాయి. తోమాస్ తన ఇంటికి తిరిగి వచ్చాడు. పెగ్ కాపురానికి వచ్చింది. ఇద్దరూ ముసలితనంలో తమ కథలు చెప్పుకున్నారు. తోమాస్ పుస్తకం 1929లో వచ్చింది, పేరు 'అన్ తిలానఖ్', అంటే దీవి మనిషి. పెగ్ పుస్తకం 1936లో ఆమె పేరుతోనే వచ్చింది. ఒకే దీవి, ఒకే సముద్రం, పెళ్లిళ్ల మధ్య పద్నాలుగేళ్లు. అయినా ఒకరి తర్వాత ఒకరిని చదివితే, వీళ్లు చెబుతున్నది ఒకే గాలి గురించేనా అని అనుమానమొస్తుంది.

దీవి చిన్నది. నాలుగు మైళ్ల పొడవు, అర మైలు వెడల్పు. జనం బాగా ఉన్న రోజుల్లో కూడా నూట డెబ్బై, ఎనభై మందికి మించలేదు. చర్చి లేదు, దుకాణం లేదు, డాక్టరు లేడు. పెళ్లికైనా, బిడ్డకు బాప్తిస్మమైనా, శవాన్ని సాగనంపాలన్నా అవతలి గట్టుకు వెళ్లాల్సిందే. వాళ్ల పడవ నేవోగ్. పల్చటి చెక్క బద్దల చట్రానికి కాన్వాస్ గుడ్డ బిగించి తారు పూస్తారు. తేలిక కాబట్టి నలుగురు తలకెత్తుకుని ఒడ్డెక్కించగలరు. తేలిక కాబట్టే గాలి కూడా దాన్ని ఎత్తేయగలదు. అట్లాంటిక్ గాలి అక్కడ ఉదయం ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట అంటుంది. మంచు కురిసి గడ్డకట్టే చలి కాదు. ఎండ, జల్లు, పొగమంచు, పెనుగాలి ఒకే రోజులో వంతులేసుకుని వచ్చే చోటు.

ఇక్కడ ఒక విచిత్రముంది. దీవివాళ్ల పెళ్లిళ్లన్నీ దాదాపు ఫిబ్రవరిలోనే ఎందుకు? సముద్రం అతి చెడ్డగా ఉండేదే ఆ నెల కదా! కారణం పంచాంగం. మన క్రైస్తవులు తపస్కాలం అనే లెంట్ నలభై రోజులూ కాథలిక్ చర్చి అప్పట్లో పెళ్లిళ్లు చేసేది కాదు. మనకు మూఢం వస్తే ఎలాగో వాళ్లకు అది అలాగ. అందుకని లెంట్‌కు ముందు వచ్చే ష్రోవ్ రోజుల్లో హడావుడిగా సంబంధాలు కుదిరేవి, వారంలో పెళ్లి అయిపోయేది. ఆ గడువు దాటిన పెళ్లికాని వాళ్ల మీద కెర్రీ, కార్క్ ప్రాంతాల్లో ఎగతాళి పద్యాలు కట్టేవారు. దూరాన సముద్రంలో స్కెల్లిగ్ అనే రాతి దీవి ఉంది, అక్కడ లెంట్ ఆలస్యంగా మొదలవుతుందట, అక్కడికి పడవెక్కి పొండి అని ఫలానావాళ్లకు ఫలానావాళ్లని జతకట్టి జాబితాలు పాడేవారు. గట్టు మీద ఉన్నవాళ్లకు ఇదంతా సరదా. బ్లాస్కెట్ వాళ్లకు మాత్రం ముహూర్తం చర్చి పెట్టేది, ప్రయాణం సముద్రం పెట్టేది. ఆ రెంటికీ ఎప్పుడూ పొసగలేదు.

తోమాస్‌ను ముందు చూద్దాం. అతని మనసు మొదట ఇనిష్‌విక్కిలేన్ అమ్మాయి మీద ఉంది. అది బ్లాస్కెట్ దీవుల్లోనే ఇంకా దూరంగా, నైరుతి దిక్కున ఉన్న బుల్లి దీవి. అక్కడ ఒకే కుటుంబం ఉండేది. తోమాస్ అక్కడికి వెళ్లడం, పాటలు, నవ్వులు, ఆ ఇంటి పిల్ల, ఇవన్నీ పుస్తకంలో అతను మనసు విప్పి రాసిన పేజీలు. 'గాలి డీర్మిడ్' అని ఊరంతా పిలిచే అతని మామ ఆ సంబంధం కుదర్చడానికి తెగ తిరిగాడు. అంతలో అమెరికా వెళ్లి వచ్చిన అక్క అడ్డం వచ్చింది. ఆమె వాదన చాలా సూటి: ఆ పిల్ల మంచిదే, కానీ వాళ్లవాళ్లు అంత దూరం దీవిలో ఉంటారు, మనకు కష్టమొస్తే ఎవరొస్తారు? ఊళ్లోనే అండగా నిలిచే బలగం ఉన్న ఇంటి పిల్లను చేసుకో. ఆమె చూపించిన పిల్ల మాయిరె, తర్వాత దీవికి 'రాజు' అని పేరుపడిన పాడ్రిగ్ ఓ కహాన్ చెల్లెలు.

ఈ ఘట్టాన్ని చాలామంది డబ్బు ఆస్తి లెక్కలు చూసే పెళ్లి బేరంగా చదువుతారు. నాకది వాతావరణ లెక్కలాగే కనబడుతుంది. అక్క అడిగింది కట్నం గురించి కాదు. జనవరిలో గాలి రేగి పది రోజులు పడవ కదలనప్పుడు, పక్కింటికి నడిచి వెళ్లి అప్పు తెచ్చుకోగల చుట్టం ఉన్నాడా లేడా అన్నదే ఆమె ప్రశ్న. రెండు దీవుల మధ్య ఉన్న నీళ్లే ఆ సంబంధాన్ని తప్పించాయి. తోమాస్ ఎదురు చెప్పలేదు. బాధపడ్డానని కూడా రాయలేదు.

పెళ్లిరోజు మాత్రం కాస్త విస్తారంగా రాశాడు. ఆ రోజు బాలీఫెరిటర్‌లో ఇంకా చాలా పెళ్లిళ్లు, ఊరు కిటకిటలాడిపోయింది. సారా దుకాణాలు నాలుగుంటే నాలుగింటిలోనూ కూర్చున్నారు. సరదా పాకాన పడే వేళకు లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది, ఎందుకంటే ముందు పెద్ద సముద్రముంది, దాటించాల్సిన జనం చాలామంది ఉన్నారు. ఆ వాక్యం దగ్గర తోమాస్ గొంతు ఏమీ మారదు. మేము బయలుదేరాం, అంతే. దీవివాడి పెళ్లిలో విందును ముగించేది పెద్దలు కాదు, జలసంధి.

దీవి చేరాక ఇంట్లో పాటలు సాగాయి. పెళ్లికొడుకు పాడినది ఒక్క పాటే, 'ఓనీల్ కోట'. అది ప్రియుడు వదిలేసి పోయిన అమ్మాయి శోకం. సొంత పెళ్లిలో ఎవరైనా ఆ పాట ఎత్తుకుంటారా? విమర్శకులు ఈ ఒక్క వివరం మీద ఎన్నో పేజీలు రాశారు, రాయడం న్యాయమే. తోమాస్ మనసులో ఏముందో చెప్పడు, ఏ పాట పాడాడో చెబుతాడు. అక్కడ ఇనిష్‌విక్కిలేన్ పిల్ల మాట ఎత్తడు.

ఆ తర్వాత కొత్త కాపురం ఎలా సాగిందో చూద్దామని పేజీ తిప్పితే, తెల్లవారుజామున సముద్రపు నాచు పోగుచేసే దృశ్యం ఎదురవుతుంది. బంగాళాదుంప చేనుకు నల్ల నాచే ఎరువు. గుడ్డలు విప్పేసి, చేతిలో పళ్ల కర్రతో, చల్లటి నీళ్లలో లోతుకు దిగి నాచు లాగాలి. దాన్ని కొండగట్టు మీదికి చేరవేసి, చేనుకు మోసి, పరచాలి. అప్పటిదాకా లోకంలో కష్టమంటే ఏమిటో తెలియదనీ, పెళ్లితోనే అది తెలిసిందనీ తోమాస్ అంటాడు. భార్య ఎలా ఉండేది, ఏం మాట్లాడేది, ఇల్లు ఎలా సర్దుకుంది, ఒక్క ముక్క లేదు. కొత్త పెళ్లికూతురికి దక్కాల్సిన చోటు నాచు ఆక్రమించుకుంది.

ఇదే కాలంలో, డింగిల్ అఖాతానికి దక్షిణాన వేలెన్షియా దీవిలో ఒక వాతావరణ పరిశీలన కేంద్రం పనిచేస్తోంది. 1860లోనే అక్కణ్ణుంచి గాలి, పీడనం వివరాలు తంతి మీద లండన్ చేరుతుండేవి. యూరప్ పడమటి అంచున వాతావరణం ఎలా ఉందో లండన్ గుమాస్తాకు ఆ పూటే తెలిసేది. ఆ అంచున పడవ నడిపే తోమాస్‌కు మాత్రం ఆకాశం, అలల రంగు, పక్షులు తప్ప వేరే దిక్కు లేదు. ఆ కేంద్రాన్ని గట్టు మీది కాహర్‌సివీన్ ఊరికి మార్చింది 1892లో. పెగ్ పెళ్లయి గట్టు మీంచి దీవికి వెళ్లిందీ ఆ ఏడాదే. ఇది కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

పెగ్ దీవి పిల్ల కాదు, డన్‌క్విన్ పిల్ల. పేద ఇల్లు. చిన్నతనంలోనే డింగిల్ పట్నంలో పనిమనిషిగా చేరింది. ఆమె కోరిక అమెరికా వెళ్లడం. ముందు వెళ్లిన స్నేహితురాలు కాట్ అక్కణ్ణుంచి ఓడ ఖర్చు పంపుతానంది. తర్వాత ఉత్తరమొచ్చింది: చేతికి దెబ్బ తగిలింది, డబ్బు పంపలేను. ఆ ఉత్తరం తర్వాతే పెళ్లి మాట. మూడు వేల మైళ్ల సముద్రం దాటాలనుకున్న పిల్ల చివరికి మూడు మైళ్లు దాటింది.

పెగ్ పెళ్లిచూపుల దృశ్యం ఈ రెండు పుస్తకాలు కలిపి చూసినా అత్యుత్తమమైన పేజీ అని నా అభిప్రాయం. ష్రోవ్ రోజుల్లో ఒక రాత్రి. తలుపు తెరుచుకుని ముగ్గురు మగవాళ్లు లోపలికొచ్చారు. ఒకడు జేబులోంచి సీసా తీశాడు, మాటలు కలిశాయి. పెగ్ తల వంచుకుని కూర్చుంది. వచ్చిన ముగ్గురిలో తనను అడగడానికి వచ్చినవాడు ఎవరో ఆమెకు తెలియదు! సరిగా తలెత్తి చూసే వీలు లేదు. వాళ్ల నాన్న దగ్గరికొచ్చి దీవికి వెళ్తావా అని అడుగుతాడు. ఆ దీవివాళ్ల సంగతి నాకేం తెలుసు, నీకు తెలుసు, నీ మాటే నా మాట అని ఆమె జవాబు. పందొమ్మిదో ఏట ఉన్న ఆడపిల్ల. ఇంతా అయ్యాక వరుడు పాడ్రిగ్ అని తేలింది, అతను అందగాడూ మంచివాడూ కూడానని ఆమె సంతోషంగానే చెబుతుంది. ఈ దృశ్యంలో భయం, హాస్యం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. చెప్పేటప్పుడు ముసలి పెగ్ నవ్వుతోందని మనకు తెలుస్తుంది. కూర్చున్న పడుచు పెగ్ మాత్రం నవ్వడం లేదు.

నాన్న అడిగిన ప్రశ్నను మళ్లీ చూడండి. ఈ మనిషిని చేసుకుంటావా అన్నదాంతో సరిపోదు, ఈ మనిషితో దీవికి వెళ్తావా అని అడగాలి. గట్టు మీది అమ్మాయికి వరుడు సగం, దీవి సగం. తోమాస్ భార్య మాయిరెను అలా అడగాల్సిన అవసరం లేదు, ఆమె అక్కడే పుట్టింది. పడవ దిగాక పెగ్‌కు ఆ తేడా తెలిసింది. రేవులో జనం చేతులు కలిపారు, ఆదరించారు, భాష ఒకటే, మతం ఒకటే, ఆచారాలూ ఒకటే. అయినా ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ తన రక్తం కాదు. పుట్టిల్లు కనిపించనంత దూరంలో ఉంటే బెంగ వేరు. ఇక్కడ రేవు దగ్గర నిలబడితే డన్‌క్విన్ కొండగట్టు కనబడుతుంది. గాలి లేని రోజైతే గంటలో చేరొచ్చు. గాలి ఉంటే, కళ్లెదుటే ఉన్న ఊళ్లో అమ్మకు జ్వరమొచ్చినా తెలియదు. ఆడవాళ్లు పడవ వేసుకుని వెళ్లరు, మగవాళ్లకు వీలైనప్పుడు, సముద్రానికి వీలైనప్పుడు వెళ్లాలి. కోడలికి అనుమతి ఇవ్వాల్సిన పెద్దల్లో వాతావరణం ఒకటైంది.

ఇదే నాకు ఈ రెండు పుస్తకాల మధ్య అసలు తేడా. తోమాస్‌కు వాతావరణం ఒక పని పట్టిక: ఈ రోజు చేపలకా, పొయ్యిలోకి పీట్ గడ్డలు తవ్వడానికా, ఇంట్లో వల అల్లడానికా. మంచి ఎండ రోజు పీట్ తవ్వడానికి కొండెక్కితే, దీవి కవి వచ్చి పక్కన చేరి, తన పాట రాసుకొమ్మని కూర్చోబెట్టి రోజంతా తినేసిన ఘట్టం ఆ పుస్తకంలో ఉంది. తోమాస్ చిరాకు చూస్తే నవ్వొస్తుంది. పాట విలువ అతనికి తెలుసు, ఎండ విలువ ఇంకా బాగా తెలుసు. అతని వాన వానే, దేనికీ గుర్తు కాదు. పెగ్‌కు వాతావరణం ఒక గోడ. పైగా ఆమె వందల కథలు నోటికొచ్చిన కథకురాలు కాబట్టి ఆ గోడను అలంకరించడం కూడా తెలుసు. పొగగొట్టంలో గాలి ఏడుస్తోందంటే తర్వాత ఎవరికో కష్టం రానుందని మనం సిద్ధపడాలి. ఒకటి రెండు సార్లు బాగుంటుంది, తర్వాత తర్వాత గాలి వినబడగానే రుమాలు తీసుకోవాలేమో అనిపిస్తుంది.

దీనికి పుస్తకాలు పుట్టిన తీరు కూడా కారణమే. తోమాస్‌కు రాయడం వచ్చు, పెద్దయ్యాక పట్టుబట్టి ఐరిష్ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. 1917లో దీవికొచ్చిన బ్రయన్ ఓ కెల్లీ అతనికి గోర్కీని, ఐస్లండ్ సముద్రంలో చేపలు పట్టే జాలర్ల మీద పియెర్ లోటీ రాసిన నవలను చదివి వినిపించి, నీ బతుకూ ఇలా రాయి అన్నాడు. తోమాస్ ముక్కలు ముక్కలుగా రాసి పంపాడు. ఒక్కడే కూర్చుని రాసే మనిషికి మౌనం ఒక సాధనం. పెగ్ తన మాతృభాషను రాయలేదు. ఆమె చెబుతుంటే కొడుకు మైకేల్ రాశాడు, డబ్లిన్ నుంచి వచ్చిన మాయిరె నీ హినేడా సరిదిద్ది అచ్చువేసింది. ఎదుట శ్రోత ఉన్నప్పుడు మౌనం నడవదు, ఏదో ఒకటి చెప్పాలి, చెప్పినది రుచిగా ఉండాలి. కన్నకొడుకే లేఖకుడైతే తన కొత్త కాపురం గురించి ఏ తల్లి ఎంతవరకు చెబుతుంది? పెగ్ పుస్తకంలో దైవభక్తి పాలు ఎక్కువై, మొగుడూ పెళ్లాల చనువు పాలు తగ్గిపోవడానికి ఇదొక కారణమనుకుంటాను. దీవికి వెళ్లి ఆమె మాట విన్నవాళ్లు ఆమె మహా కొంటె మనిషి అని రాశారు. అచ్చులో ఆ కొంటెతనం చాలా చోట్ల జారిపోయింది. తోమాస్‌కూ కత్తిరింపు తప్పలేదు. మొదటి సంపాదకుడు మోటుగా ఉన్నాయని తీసేసిన భాగాలు 2002 ప్రతిలో గానీ పూర్తిగా బయటకు రాలేదు.

పెగ్‌కు ఇంకో శిక్ష కూడా పడింది. ఐర్లండ్ బడుల్లో దశాబ్దాలపాటు ఆ పుస్తకాన్ని పాఠ్యాంశం చేశారు. పరీక్ష కోసం బలవంతాన చదివిన తరాల పిల్లలు పెగ్ పేరు చెబితే మూలుగుతారు, ఎప్పుడూ ఏడుపేనని వెక్కిరిస్తారు. అది అన్యాయం. పెళ్లి దాకా పుస్తకంలో ఏడుపు చాలా తక్కువ: పనిమనిషి పిల్ల కళ్లతో చూసిన డింగిల్ బజారు, స్నేహం, అమెరికా ఆశ, ఆ పెళ్లిచూపులు. ఏడుపు దీవి మీద మొదలవుతుంది, దానికి కారణాలు ఉన్నాయి. పదకొండు మంది బిడ్డలు పుడితే ఆరుగురు బతికారు. 1920లో కొడుకు తోమాస్ పొయ్యిలోకి తుప్పలు పీకుతూ కొండచరియ మీంచి పడి చనిపోయాడు; ఛిద్రమైన ఆ తలను తల్లి తన చేతులతోనే సరిచేసి శవాన్ని సిద్ధం చేసింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే అమెరికా వెళ్లిపోయారు, ఆమె వెళ్లలేకపోయిన అమెరికాకు.

ఓ క్రిహన్ ఇంట్లో పుట్టినవాళ్లు పది మంది. ఒక పిల్లవాడు సముద్రపక్షి పిల్లల కోసం వెళ్లి కొండగట్టు మీంచి పడ్డాడు. కొందరిని తట్టు, కోరింత దగ్గు తీసుకుపోయాయి. ఇంకో కొడుకు 1909 ఆగస్టులో, ఈదుతూ మునిగిపోతున్న డబ్లిన్ అమ్మాయిని కాపాడబోయి ఆమెతో పాటే మునిగిపోయాడు. ఇవన్నీ తోమాస్ దాదాపు ఒక్క పేజీలో చెప్పి ముందుకు సాగుతాడు. గమనించారా, ఈ చావుల్లో తుఫాను ఏదీ లేదు. ఎండాకాలపు ఈత, ఇంటి పక్క కొండచరియ, పసిపిల్లల జబ్బులు. బ్లాస్కెట్ అనగానే చదువరికి పెనుగాలి, మునిగిన పడవలు గుర్తొస్తాయి. అరాన్ దీవుల మీద ఐరిష్ నాటకకర్త సింగ్ రాసిన నాటకం ఆ అలవాటు బాగా నేర్పింది. ఈ రెండు పుస్తకాల్లో వాతావరణం చంపిన దానికన్నా విడదీసినది ఎక్కువ: డాక్టరు నుంచి, పుట్టింటి నుంచి, ఇష్టపడిన పిల్ల నుంచి.

విడదీసే శక్తే చివరికి దీవిని ఖాళీ చేయించింది. పెళ్లీడు ఆడపిల్లలు అమెరికా వెళ్లారు, గట్టు మీది పిల్లలు దీవి సంబంధం వద్దన్నారు. 1940ల నాటికి పెగ్‌లా పడవెక్కి కాపురానికి వచ్చే అమ్మాయే కరువైంది. 1946-47 చలికాలంలో ఒక కుర్రాడు మెదడు జ్వరంతో మంచం పడితే సముద్రం డాక్టరును రానివ్వలేదు. 1947లో గాలికి చిక్కుకున్నాం, తిండి పంపండి అని ప్రధాని డి వాలెరాకు టెలిగ్రాం వెళ్లింది. 1953 నవంబరులో ప్రభుత్వం మిగిలిన కాసిని మందినీ గట్టుకు తరలించింది. ఇప్పుడు ఏటా వేసవికి ముందు, దీవిలో కాఫీ దుకాణం, అతిథి ఇళ్లు చూసుకోవడానికి ఒక జంట కావాలని ప్రకటన వస్తుంది, ప్రపంచం నలుమూలల నుంచి వేలకొద్దీ దరఖాస్తులు వస్తాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే ఆ కొలువు. ఫిబ్రవరి వాళ్ల ఒప్పందంలో లేదు.

తెలుగు పాఠకులు ఈ పుస్తకాల్ని ఇంగ్లీషులోనే చదవాలి, నేనూ అలాగే చదివాను. తోమాస్‌కు రాబిన్ ఫ్లవర్ 1934లో చేసిన అనువాదముంది, పెగ్‌కు బ్రయన్ మెక్‌మహన్ 1970ల్లో చేసినది. సాధారణంగా తోమాస్‌తో మొదలుపెట్టమంటారు, ఎక్కువ గౌరవం ఆ పుస్తకానికే కాబట్టి. నేను తిరగేసి చెబుతాను. ముందు పెగ్‌ను పెళ్లయి పడవ దిగేదాకా చదివి ఆపండి. తర్వాత తోమాస్‌ను మొత్తం చదవండి. అప్పుడు మాయిరె గురించి అతను రాయకుండా వదిలేసిన చోట్లన్నీ కనబడతాయి. అవి కనబడ్డాక పెగ్ మిగతా భాగానికి రండి. ఆ గాలి ఏడుపులు కాస్త ఎక్కువైనా, ఆ దీవి మీద ఒక భార్య గొంతు వినిపించేది అక్కడే.